పాత థార్‌కి, జిప్సీకి ఇంట్లోనే ఎల్‌ఈడీ లైట్లు: బల్బు మార్చడం తేలికే, బీమ్ సెట్ చేయడమే అసలు పని

చీకటి పడ్డాక మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు ఒక్కసారి వెళ్లి రండి, మీ బండి హెడ్‌లైట్ల సంగతేంటో మీకే తెలిసిపోతుంది. సిటీలో వీధి దీపాల కింద తిరిగినంతసేపూ అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది, అసలు మన లైట్లు వెలుగుతున్నాయా లేదా అని కూడా పట్టించుకోం. అవి అయిపోగానే ముందు పసుపురంగు మరక ఒకటి, దాని అవతల ఏమీ లేదు. ఇంక ఆ రాత్రే ఫోన్ తీసి '20,000 ల్యూమెన్స్' అని రాసి ఉన్న బల్బుల జత ఆర్డర్ పెట్టేస్తారు చాలామంది. వాటిని పెట్టుకున్నాక బండి ముందు పదిహేను అడుగుల నేల మాత్రం పట్టపగల్లా వెలుగుతుంది, దూరం మళ్లీ చీకటే, పైగా ఎదురొచ్చే బైకువాడు చెయ్యి అడ్డం పెట్టుకుని తిట్టుకుంటూ వెళ్తాడు.

కాబట్టి కొనేముందే ఒక మాట పెట్టుకోండి. ఎంత వెలుతురు వస్తోంది అన్నది రెండో ప్రశ్న, అది ఎక్కడ పడుతోంది అన్నది మొదటిది. కింద రాసినదంతా 7 అంగుళాల గుండ్రటి హెడ్‌లైట్లు, హెచ్4 బల్బులు (డిమ్, హై రెండూ ఒకే బల్బులో ఉండే రకం) ఉన్న బండ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది, అంటే జిప్సీ, థార్, పాత జీపులు. వేరే బండి అయినా లెక్క ఇదే, విప్పే తీరులో తేడా ఉంటుంది అంతే.

ముందు పాత లైట్లనే ఒకసారి చూడండి

మల్టీమీటర్ తీయండి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, హెడ్‌లైట్లు వేసి, బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి, ఆ తర్వాత బల్బు వెనక కప్లర్ (వైర్లు తగిలే ప్లగ్గు) దగ్గర చూడండి. బ్యాటరీ దగ్గర 14 ఉండి బల్బు దగ్గర 12.5 వస్తోందంటే తప్పు బల్బుది కాదు, పాతబడిన వైరింగ్‌ది, స్విచ్‌ది, లేదా బాడీకి నెగటివ్ కలిపే, తుప్పుపట్టిన ఎర్త్‌ది. హాలోజన్ బల్బు వోల్టేజీ విషయంలో చాలా సున్నితం: పది శాతం వోల్టేజీ తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. ఎర్త్ పాయింట్ విప్పి ఎమెరీ పేపర్‌తో గీకి మళ్లీ బిగించి, కొన్ని వందల్లో దొరికే రిలే (బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చే స్విచ్) వైరింగ్ కిట్ వేస్తే కొన్ని బండ్లకు ఎల్‌ఈడీ అవసరమే ఉండదు. అలాగే డూమ్ (బల్బు కూర్చునే అద్దం, రిఫ్లెక్టర్ కలిసిన మొత్తం లైటు) లోపలికి టార్చ్ వేసి చూడండి. రిఫ్లెక్టర్ అద్దంలా మెరవకుండా బూడిద రంగులోకి వచ్చేసి ఉంటే దాంట్లో ఏ బల్బు పెట్టినా వృథా.

ఇవన్నీ బాగానే ఉన్నాయి, అయినా ఎల్‌ఈడీనే కావాలి అంటే, సరే, ముందుకెళ్దాం. ఎల్‌ఈడీకి నిజమైన లాభాలే ఉన్నాయి: హాలోజన్ ఒక్కో బల్బు 60 వాట్లు తాగుతుంది, అంటే 12 వోల్టుల లెక్కన 5 ఆంపియర్లు, రెండిటికీ కలిపి 10. మంచి ఎల్‌ఈడీ అందులో సగంతోనే నడుస్తుంది. రాళ్ల దారిలో కుదుపులకు తెగిపోవడానికి లోపల ఫిలమెంట్ ఉండదు.

బల్బా, మొత్తం డూమా?

హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. డిమ్‌కి పనిచేసే ఫిలమెంట్ కింద చిన్న లోహపు గిన్నె లాంటిది ఉంటుంది, అది కిందికి పోయే వెలుతురుని ఆపేస్తుంది. దానివల్లే డిమ్‌లో పైకి పోయే కాంతి తెగిపోయి, గోడ మీద ఒక గీతలా కనిపిస్తుంది. రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఆ ఫిలమెంట్ ఉండే చోటుని బట్టే గీశారు. ఎల్‌ఈడీ చిప్ ఆ చోటు నుంచి ఒక్క మిల్లీమీటర్ అటూఇటూ అయినా, దాని మందం ఫిలమెంట్ కంటే ఎక్కువైనా ఆ గీత చెదిరిపోయి కాంతి పైకి చిమ్ముతుంది. అందుకే చవక బల్బులన్నీ ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి, అది ఎక్కువ వెలుతురు వల్ల కాదు.

కాబట్టి నా సలహా సూటిగా చెప్తా. గుండ్రటి 7 అంగుళాల లైటు ఉన్న బండి అయితే బల్బు జోలికి పోకుండా మొత్తం ఎల్‌ఈడీ డూమ్ సెట్టే కొనండి, ఎందుకంటే దాంట్లో చిప్, లెన్స్, రిఫ్లెక్టర్ మూడూ ఒకదానికోసం ఒకటి తయారైనవి. ఆ సైజు చాలా బండ్లలో ఒకటే కాబట్టి మార్కెట్‌లో రకాలకూ కొదవ లేదు. డూమ్ ఆకారం ప్రత్యేకంగా ఉన్న బండి అయితే మాత్రం బల్బే దారి, అప్పుడు చిప్‌లు సన్నగా ఉండి, డిమ్ చిప్ కింద గిన్నె ఉన్న బల్బునే ఎంచుకోండి.

కొనేటప్పుడు

హైదరాబాద్‌లో పాత స్పేర్ పార్టులకు పుత్లీబౌలి, పానాలూ టూల్స్‌కి రాణిగంజ్, వైర్లు, స్లీవులు, ఫ్యూజ్ హోల్డర్లు, ఫెరైట్ ముక్కల్లాంటి చిల్లర సామానుకి కోఠి గుజరాతీ గల్లీ. ఆన్‌లైన్‌లో కొన్నా ఫర్వాలేదు కానీ, దుకాణంలో అయితే బ్యాటరీకి తగిలించి వెలిగించి చూపించమని అడగొచ్చు, ఆ అవకాశం వదులుకోవద్దు.

వాట్ల అంకె అస్సలు నమ్మకండి. డబ్బా మీద '200 వాట్స్' అని ఉంటుంది. మీ మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టి, ప్రోబ్‌ని కూడా 10ఎ సాకెట్‌లోకి మార్చి, బల్బుకి వెళ్లే పాజిటివ్ వైరు మధ్యలో మీటరు పెట్టి చూడండి. 2.5 ఆంపియర్లు చూపిస్తే 12తో గుణించండి, 30 వాట్లు. అదే దాని అసలు బతుకు. నిజం చెప్పాలంటే 30 వాట్ల మంచి బల్బు చాలు కూడా. నిజంగానే చాలా ఎక్కువ లాగుతుంటే అంత వేడిని, దాన్ని బయటికి పంపే ఆ చిన్న లోహపు హీట్‌సింక్ మోయలేక కాసేపటికి బల్బు తనంతట తనే వెలుతురు తగ్గించుకుంటుంది. దుకాణంలో మొదటి నిమిషం కనిపించే తెలుపు చూసి పడిపోవద్దు, పది నిమిషాలు వెలగనిచ్చి అప్పుడు చూడండి.

రంగు విషయానికొస్తే, హాలోజన్ దాదాపు 3200 కెల్విన్, అందుకే పసుపు. ఇప్పుడు అందరూ ఎగబడేది 6500 కెల్విన్. చూడ్డానికి షోరూమ్‌లా తళతళలాడుతుంది, కానీ వాన పడుతున్నప్పుడో, ముందు బండి ఎర్రమట్టి లేపుతున్నప్పుడో ఆ నీలం కలిసిన తెలుపు కళ్లకు నొప్పి, దారి తెలీదు. 4300 నుంచి 5000 మధ్యలో దొరికితే అదే తీసుకోండి.

ఇక, దుకాణంవాళ్లు చాలామంది చెప్పని సంగతి ఒకటి ఉంది. మనం ఎడమవైపు నడుపుతాం. కాబట్టి డిమ్ బీమ్ గీత కుడివైపు కిందికి ఉండి, ఎడమవైపు కాస్త పైకి లేవాలి, రోడ్డు అంచు, నడిచేవాళ్లు, గొర్రెలు కనిపించేలా. అమెరికా మార్కెట్ కోసం చేసిన డూమ్‌లు ఇక్కడ బోలెడు అమ్ముడవుతాయి, వాటిలో ఇదంతా తిరగబడి ఉంటుంది, అంటే ఎత్తు లేచే భాగం సరిగ్గా ఎదురొచ్చేవాడి కళ్లలోకి. మీరు ఎంత జాగ్రత్తగా సెట్ చేసినా అది మారదు. యూరప్ ప్రమాణాల ప్రకారం చేసిన లైటైతే లెన్స్ మీద 'ఇ' గుర్తు పక్కన చిన్న బాణం వెతకండి: లైటుకి ఎదురుగా నిలబడి చూసేవాడికి కుడివైపు చూపించే బాణం ఉంటే అది ఎడమవైపు నడిపే దేశాలకు చేసింది. రెండువైపులా బాణం ఉంటే రెండిటికీ పనికొస్తుంది. బాణమే లేకపోతే వద్దు. లేదంటే వెలిగించి గోడ మీద చూడండి, ఇంకా తేలిక.

విప్పేముందు ఒక పరీక్ష, ముఖ్యంగా జిప్సీవాళ్లకు

చాలా బండ్లలో స్విచ్ పాజిటివ్‌ని ఆన్ ఆఫ్ చేస్తుంది, ఎర్త్ ఎప్పుడూ తగిలే ఉంటుంది. కొన్నిట్లో తిరగేసి, పాజిటివ్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, స్విచ్ ఎర్త్‌ని కలుపుతుంది. సుజుకీ పాత జీపు వైరింగ్ రెండో రకం. హాలోజన్‌కి ఏ దిక్కు నుంచి కరెంటు వచ్చినా ఒకటే, ఎల్‌ఈడీకి కాదు. మామూలు ఎల్‌ఈడీని అలాంటి బండికి తగిలిస్తే వెలగకపోవచ్చు, లేదా డిమ్, హై రెండూ కలిసి వింతగా ప్రవర్తిస్తాయి, డ్యాష్‌బోర్డ్ మీద నీలం దీపం సగం వెలుతురుతో అలా ఉండిపోతుంది.

పరీక్ష ఇది. బల్బు కప్లర్ ఊడదీసి, హెడ్‌లైట్ స్విచ్ ఆన్ చేసి, మీటర్ నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి, ఎర్ర ప్రోబ్‌తో కప్లర్‌లోని మూడు పిన్నుల్నీ ఒక్కొక్కటిగా చూడండి. డిమ్‌లో ఒక పిన్‌లో, హైలో మరో పిన్‌లో 12 వోల్టులు వస్తే మామూలు రకం. డిప్పర్ ఎటు తిప్పినా ఒకే పిన్‌లో 12 అలాగే ఉంటే ఎర్త్ స్విచింగ్. అలా అయితే నెగటివ్ స్విచ్ బండ్లకు పనికొచ్చే వైరింగ్ అడాప్టర్ అడిగి తీసుకోండి, లేకపోతే ఈ రకానికి కూడా నడుస్తుందని ముందే చెప్పి అమ్మే లైటు తీసుకోండి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా కొనేసి, 'లైట్లు డిఫెక్ట్' అని దుకాణంవాడితో గొడవపడేవాళ్లని పుత్లీబౌలిలో ఎప్పుడు వెళ్లినా చూడొచ్చు.

సామాను

10 నంబర్ పానా, ప్లస్ స్క్రూడ్రైవర్ చిన్నది పెద్దది, మల్టీమీటర్, క్రింపింగ్ ప్లయర్, హీట్ ష్రింక్ స్లీవులు, కేబుల్ టైలు, డైఎలక్ట్రిక్ గ్రీజు, కొలత టేపు, గోడకు అంటించడానికి మాస్కింగ్ టేపు. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, మన మే నెల ఎండకి ఇంజిన్ పక్కన ఆ జిగురు కారిపోయి టేపు ఊడి వేలాడుతుంది.

బల్బు మార్చే పద్ధతి

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. ఇది 'ఎందుకులే' అనుకునే పని కాదు. బండి కాసేపు ముందు తిరిగి వచ్చి ఉంటే హాలోజన్ చల్లారేదాకా ఆగండి, లేకపోతే వేళ్లు కాలతాయి.

కప్లర్‌ని వైరు పట్టుకుని కాదు, దాని ఒళ్లు పట్టుకుని అటూఇటూ కదుపుతూ లాగండి. ఆ తర్వాత రబ్బరు టోపీ తీయండి, దాని వెనక తీగ క్లిప్ ఉంటుంది, లోపలికి నొక్కి పక్కకి తప్పిస్తే తెరుచుకుంటుంది. బల్బు నేరుగా బయటికి వస్తుంది. గాజుని వేళ్లతో ముట్టుకోకండి, దాన్ని దాచుకోవాలి, ఎందుకో చివర్లో చెప్తా.

ఎల్‌ఈడీ బల్బుకి మూడు చెవులున్న కాలర్ విడిగా తిప్పితే ఊడొస్తుంది. ముందు ఆ కాలర్‌ని డూమ్‌లో కూర్చోబెట్టి తీగ క్లిప్ వేసేయండి, ఆపైన రబ్బరు టోపీ తొడిగి, అప్పుడు బల్బుని లోపలికి పెట్టి తిప్పి లాక్ చేయండి. తిప్పేటప్పుడే చూసుకోవాల్సింది ఒకటుంది: చిప్‌లు కచ్చితంగా ఎడమ, కుడి పక్కలకు చూడాలి, గడియారంలో 3, 9 అంకెలు ఉండే చోట. డిమ్ చిప్ దగ్గరి గిన్నె కిందికి. చిప్‌లు పైకీ కిందికీ చూస్తే బీమ్ మధ్యలో నల్ల గుంట పడి, కాంతి ఆకాశంలోకి పోతుంది. మంచి బల్బుల్లో కాలర్‌లో చిన్న స్క్రూ వదులు చేసి కొన్ని డిగ్రీలు తిప్పుకునే వీలుంటుంది, గోడ మీద గీత చూస్తూ దాన్ని సరిచేయండి.

ఫ్యాన్ ఉన్న బల్బు అయితే దాని తోక రబ్బరు టోపీ బయటే ఉండాలి, గాలి ఆడాలి. టోపీకి పెద్ద రంధ్రం కోసేసి వదిలేస్తే మాత్రం మొదటి వానకే డూమ్ లోపల చెమట పడుతుంది, అక్కడితో ఆగకుండా దుమ్ము దూరి రిఫ్లెక్టర్‌ని తినేస్తుంది. రంధ్రం బల్బు మెడకు బిగుతుగా ఉండేంతే కోయండి. మట్టిదారుల్లో తిరిగే బండికి ఫ్యాన్ లేకుండా హీట్‌సింక్‌తో నడిచేవే నాకు నచ్చుతాయి, ఫ్యాన్ బేరింగ్‌లోకి ఎర్రమట్టి పోతే దాని ఆయుష్షు అంతే. డ్రైవర్ డబ్బా (ఎల్‌ఈడీకి కరెంటు సరిచేసి ఇచ్చే చిన్న పెట్టె) ఉంటే దాన్ని గాలికి వేలాడదీయకండి, కేబుల్ టైతో ఇంజిన్ వేడికి దూరంగా, బాడీకి కట్టేయండి.

మొత్తం డూమ్ మార్చే పద్ధతి

జిప్సీ, జీపుల్లో ముందు గ్రిల్ లేదా చుట్టూ ఉండే బెజెల్ తీయాలి. లోపల డూమ్‌ని పట్టుకుని ఉండే పలుచటి రింగు, దానికి చిన్న స్క్రూలు కనిపిస్తాయి. దగ్గర్లోనే స్ప్రింగులతో ఉన్న మరో రెండు స్క్రూలు ఉంటాయి, అవి బీమ్ పైకీ కిందికీ, పక్కకీ జరిపేవి. వాటిని ఇప్పుడు ముట్టుకోవద్దు. రింగు స్క్రూలు తుప్పుపట్టి ఉంటే బలవంతం చేస్తే తల అరిగిపోతుంది, ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి.

పాత డూమ్ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వెనక కప్లర్ తీయండి. కొత్తది పెట్టేటప్పుడు 'టాప్' అని రాసి ఉన్నవైపు పైకి. వెనక బకెట్‌కి (బాడీలో డూమ్ కూర్చునే గుంటకి) తగిలి కూర్చోకపోతే దాని హీట్‌సింక్ లోతు ఎక్కువని అర్థం, బకెట్‌ని కోసే ముందు ఇంకో మోడల్ దొరుకుతుందేమో చూడండి. కప్లర్‌లో కాస్త డైఎలక్ట్రిక్ గ్రీజు పూసి తొడగండి. బండి ఇంకా వారంటీలో ఉంటే ఒరిజినల్ వైరు ఒక్కటి కూడా కోయొద్దు, తగిలించి తీసేసేలా ఉండే అడాప్టర్ మాత్రమే వాడండి.

రెండు వైపులా అయ్యాక బ్యాటరీ కలిపి డిమ్, హై, పాసింగ్ ఫ్లాష్ మూడూ చూసి, అప్పుడే బెజెల్ మూయండి.

గోడ ముందు కూర్చోండి

ఇక్కడే టైం పెట్టాలి, ఇక్కడే జనం వదిలేస్తారు.

మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ బాగా పనికొస్తుంది, కానీ ర్యాంపు దిగగానే ఉండే నేల చాలాచోట్ల నీళ్లు పోవడానికి వాలుగా పోసి ఉంటారు, అక్కడ సెట్ చేస్తే కొలత అబద్ధం చెప్తుంది. ఫోన్‌లో లెవెల్ యాప్ నేల మీద పెట్టి చదునైన చోటు వెతకండి. బండి ముందు నుంచి గోడకి 10 మీటర్లు ఉంటే మంచిది. అంత చోటు లేకపోతే 5 మీటర్లతో సరిపెట్టుకోవచ్చు. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, ట్యాంకు సగం, మామూలుగా వెనక పెట్టుకునే సామాను పెట్టి, డ్రైవర్ సీట్లో మీ అంత బరువున్న మనిషిని కూర్చోబెట్టండి. ఇంట్లో ఎవరూ రాకపోతే వాచ్‌మన్‌ని బతిమాలుకోవడమే.

నేల నుంచి హెడ్‌లైట్ నడిమధ్యకి ఎంత ఎత్తుందో కొలవండి. గోడ మీద అదే ఎత్తులో అడ్డంగా మాస్కింగ్ టేపు వేయండి. దాని కింద ఇంకో టేపు: 10 మీటర్ల దూరమైతే 10 సెంటీమీటర్లు కింద, 5 మీటర్లయితే 5 సెంటీమీటర్లు, అంటే దూరంలో ఒక శాతం. బండికి లిఫ్ట్ కిట్ వేసి, పెద్ద టైర్లు వేసి ఉంటే లైటు చాలా ఎత్తులో ఉంటుంది కాబట్టి ఒకటిన్నర శాతం దాకా కిందికి దించండి. ఒక్కో లైటు నడిమధ్యకి ఎదురుగా నిలువుగా కూడా ఒక టేపు వేయండి. 

ఇప్పుడు డిమ్ వేసి, ఒక లైటు మీద మందపాటి దుప్పటి కప్పేసి (ఎల్‌ఈడీ అయితే ముందువైపు పెద్దగా వేడెక్కదు, హాలోజన్ అయితే మాత్రం గుడ్డ కాల్తుంది, అట్టముక్క అడ్డం పెట్టండి) రెండోదాని గీత చూడండి. గీత చదునుగా ఉన్న కుడి భాగం కింది టేపు మీద కూర్చోవాలి, అది ఎడమకు ఎత్తు లేచే మలుపు నిలువు టేపు దగ్గర పడాలి. స్ప్రింగు స్క్రూని పావు చుట్టు తిప్పి చూడండి, ఆగండి, మళ్లీ పావు చుట్టు. స్క్రూని వదులు చేసే దిక్కులోనే ఆపేయకుండా కాస్త ఎక్కువ దించి తిరిగి బిగిస్తూ పైకి తెచ్చి ఆపండి, అప్పుడు స్ప్రింగు బిగువులో ఉండి రాళ్ల దారిలో జారదు. బండి ముందు టైరు ఎత్తు, డోర్ దగ్గర బాడీ ఎత్తు ఎక్కడైనా రాసి పెట్టుకోండి, రేపు సస్పెన్షన్ మార్చినప్పుడు మళ్లీ ఎందుకు సెట్ చేయాల్సి వచ్చిందో తెలుస్తుంది.

గోడ మీద గీతే కనిపించకుండా అంతా మసకమసకగా పరుచుకుని ఉంటే ఆ బల్బు ఆ డూమ్‌కి సరిపోదు. స్క్రూ ఎంత తిప్పినా అది బాగుపడదు. వెనక్కి ఇచ్చేయండి. 'కిందికి దించేస్తే సరిపోతుంది కదా' అని అంటారు కొందరు, అప్పుడు మీకూ దారి కనిపించదు, చిమ్మే కాంతి మాత్రం ఎదుటివాడికి అలాగే కొడుతుంది.

ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు

ఇండికేటర్‌లో ఎల్‌ఈడీ వేయగానే టకటకటక అని రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది. 21 వాట్ల బల్బు పోయి రెండుమూడు వాట్లది వచ్చేసరికి, బల్బు కాలిపోయిందని ఫ్లాషర్ (ఇండికేటర్‌ని ఆన్ ఆఫ్ చేసే చిన్న డబ్బా) అనుకుంటుంది. దీనికి రెండు మందులు. డ్యాష్‌బోర్డ్ కిందో ఫ్యూజ్ బాక్స్‌లోనో ఉండే ఫ్లాషర్‌ని తీసి ఎల్‌ఈడీకి పనికొచ్చేది వేయడం ఒకటి, పిన్నుల సంఖ్య, వాటి వరస చూసి అదే రకం తెచ్చుకోండి, పాతదాన్ని చేతిలో పట్టుకునే దుకాణానికి వెళ్లండి. రెండోది 6 ఓమ్‌ల 50 వాట్ల రెసిస్టర్‌ని బల్బుకి సమాంతరంగా పెట్టడం. అది వెలిగినంతసేపూ 25 వాట్ల పైచిలుకు వేడి కక్కుతుంది, చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది. తప్పదంటే ఇనుప బాడీకి స్క్రూతో బిగించండి, ప్లాస్టిక్ మీదా వైర్ల మీదా వద్దు. ఫ్లాషర్ మార్చడానికి వీలున్నచోట రెసిస్టర్ వైపు చూడకండి.

బ్రేక్ లైటుకి రెండు ఫిలమెంట్ల 21/5 వాట్ల బల్బు ఉంటుంది, దాని పిన్నులు ఎత్తుపల్లంగా ఉంటాయి కాబట్టి తప్పుగా ఎక్కదు. ఎర్ర లెన్స్ వెనక ఎర్ర ఎల్‌ఈడీయే వేయండి, తెల్లది వేస్తే గులాబీ రంగులోకి దిగి వెలుతురూ పోతుంది. వేశాక సాయంత్రం పార్కింగ్ లైట్లు ఆన్ చేసి ఎవరినైనా బ్రేక్ తొక్కమని వెనక నిలబడి చూడండి. టెయిల్‌కీ బ్రేక్‌కీ తేడా ఒక్క చూపులో తెలియాలి. చవకవాటిలో ఆ తేడా ఉండదు. పార్కింగ్ దీపాల చిన్న బల్బు వెలగకపోతే కంగారుపడొద్దు, తిరగేసి పెట్టండి.

బార్ లైట్ వేయాలనుకుంటే

హెడ్‌లైట్‌లో వేసే ఎల్‌ఈడీ బల్బుకి రిలే అక్కర్లేదు, కంపెనీ వైరింగ్ హాలోజన్ భారం మోసిందే కదా. బంపర్ మీదో పైనో పెట్టే బార్‌కి మాత్రం తప్పనిసరి. నిజంగా 120 వాట్లు లాగే బార్‌కి 10 ఆంపియర్లు కావాలి, అంత కరెంటు డ్యాష్‌బోర్డ్ మీద చిన్న స్విచ్ గుండా పంపితే స్విచ్ కరిగిపోతుంది.

రిలేలో 30వ నంబర్ కాలుకి బ్యాటరీ పాజిటివ్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీ దగ్గర ఒక అడుగు లోపే 15 ఆంపియర్ల ఫ్యూజ్. 87 నుంచి బార్‌కి. 85 ఎర్త్‌కి. 86కి డ్యాష్‌బోర్డ్ స్విచ్ నుంచి. ఆ స్విచ్‌కి వచ్చే పాజిటివ్‌ని హై బీమ్ వైరు నుంచి తీసుకోండి, అప్పుడు డిప్పర్ కొట్టగానే బార్ కూడా తనంతట ఆగిపోతుంది, ఎదురుగా లారీ వస్తున్నప్పుడు రెండు స్విచ్‌లు వెతుక్కునే టెన్షన్ ఉండదు. ఎర్త్ స్విచింగ్ బండిలో ఇదే పనికి 85ని హై బీమ్ వైరుకి, 86ని ఇగ్నిషన్ పాజిటివ్ నుంచి స్విచ్ ద్వారా కలపాలి. ఇనుప రేకు గుండా వైరు పోయేచోట రబ్బరు గ్రోమెట్ లేకుండా వదలొద్దు. కుదుపులకు ఆ అంచు వైరుని కోసేస్తుంది, బండ్లు తగలబడేది ఇలాంటి చోటే.

పై రాక్ మీద బార్ పెడితే బానెట్ మీద వెలుతురు పడి తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది, దుమ్ములో అయితే ముందు తెల్లటి తెర. నా ఓటు బంపర్‌కి, వీలైతే పసుపు రంగుకి. అడవిలో మాత్రం వేయొద్దు. శ్రీశైలం దారిలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఎలాగూ బండ్లను వదలరు. అనంతగిరిలోనూ నర్సాపూర్ వైపూ వదులుతారు కదా అని చెట్ల మీదికి బార్ వేసుకుని పోవడం జంతువులకి నరకం.

వానకు ముందు

గార్డెన్ పైపుతో లైట్ల మీద ఐదు నిమిషాలు నీళ్లు కొట్టి, లైట్లు వేసి ఉంచి, గంట తర్వాత లోపల చూడండి. కొద్దిగా ఆవిరి వచ్చి పోతే ఫర్వాలేదు, చుక్కలు నిలిస్తే రబ్బరు టోపీ సరిగ్గా కూర్చోలేదు. లైట్లు వేయగానే ఎఫ్ఎం‌లో గరగర వస్తే అది డ్రైవర్ నుంచి వచ్చే గోల, గుజరాతీ గల్లీలో దొరికే క్లిప్ ఫెరైట్‌ని బల్బు వైరుకి తగిలిస్తే చాలావరకు తగ్గుతుంది. మొదటి మట్టిదారి ప్రయాణం తర్వాత అన్ని స్క్రూలూ ఒకసారి బిగించి, బీమ్ మళ్లీ గోడ మీద చూసుకోండి.

పోలీసుల మాట

ఇది దాచిపెట్టి లాభం లేదు. హాలోజన్‌తో అప్రూవ్ అయిన డూమ్‌లో ఎల్‌ఈడీ బల్బు పెట్టడం మార్పు కిందికే వస్తుంది. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ మార్పుల గురించి చెప్తుంది, 2019లో సవరించిన 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, రెండూ కూడా పడొచ్చు. బార్ లైట్లు రోడ్డు మీద వెలగకూడదు, కవర్ వేసి ఉంచండి, మట్టిదారి మొదలయ్యాకే తీయండి. బీమ్ సరిగ్గా ఉంటే చట్టం మారిపోదు కానీ, నిజం ఏంటంటే ఎదుటివాడి కళ్లలో కొట్టే బండే ముందు ఆపబడుతుంది.

తీసిన హాలోజన్ బల్బుల్ని వాటి డబ్బాల్లోనే పెట్టి, రబ్బరు టోపీ ఒకటి, పాత ఫ్లాషర్ కూడా కలిపి సీటు కింద పడేసుకోండి. డూమ్ మొత్తం మార్చినవాళ్లైతే పాత డూమ్ ఒకటి దాచుకోండి, బరువేం ఉండదు. ఎల్‌ఈడీ డ్రైవర్ పోయిందంటే మీ మోడల్‌ది పరిగిలో, తాండూరులో రాత్రిపూట ఎవరి దగ్గరా దొరకదు. హెచ్4 హాలోజన్ మాత్రం మీ దగ్గర లేకపోయినా రోడ్డు పక్క ఏ మెకానిక్ షెడ్‌లో అడిగినా ఉంటుంది.